అత్త దాచుకున్న స్లైడు

మా అత్త వేళ్ళు ఎప్పుడూ నీలంగా ఉండేవి. ఏ సబ్బుకీ, ఏ నిమ్మచెక్కకీ ఆ నీలం లొంగలేదు. ఆస్పత్రి ల్యాబులో జీమ్సా అని ఒక రంగు వాడతారు. స్లైడు మీద కణాలకి అది పట్టిస్తేనే అవి మైక్రోస్కోపులో కంటికి ఆనతాయి. "కణాలకి పట్టించేదానికన్నా నీ గోళ్ళకి పట్టించేదే ఎక్కువలా ఉందే" అని మా నాన్న తన చెల్లెలిని ఆటపట్టించేవాడు. ఆస్పత్రిలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. నీలివేళ్ళావిడ అంటే చాలు, గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ తెలిసిపోయేది. రిటైరయ్యాక మొన్నొకరోజు భోజనాల దగ్గర చూశాను, ఆ గోళ్ళు అందరి గోళ్ళలాగే ఉన్నాయి. నాకెందుకో ఏడుపొచ్చింది.

నేనూ అదే ల్యాబులో చేరాను. అత్త ఉంది కదా, పని సుళువుగా ఉంటుందనుకున్నాను. అంతకన్నా తెలివితక్కువ ఆలోచన నా జన్మలో చెయ్యలేదు. మొదటి నెలంతా నాతో గాజుసామాను కడిగించింది. తుడిచిన స్లైడుని కిటికీ వైపు ఎత్తి చూసి, ఒక్క వేలిముద్ర కనిపించినా మళ్ళీ సింకులో పడేసేది. "నీ వేలిముద్రలు చూడ్డానికి డాక్టరుగారు పోలీసు కాదు" అనేది. ఇంటికెళ్ళి మా నాన్నతో మొరపెట్టుకుంటే ఆయన పడీ పడీ నవ్వాడు.

రెండో నెలలో ఒక స్కూలు టీచరు వచ్చింది. పెదవి పక్కన గుత్తిగా నీటిపొక్కులు. చర్మవ్యాధుల డాక్టరు చీటీ మీద హెర్పిస్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపాడు. నేను పెద్ద పొక్కు చూసి ఉత్సాహంగా బ్లేడు తీశాను. అత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"అమ్మా, వీటన్నిట్లో ఆఖరున వచ్చింది ఏది?" అని టీచరుని అడిగింది.

ఆవిడ వేలితో చూపించింది. ముత్యమంత కూడా లేదది. అత్త దాని పైపొర మెల్లగా కోసి, లోపలి నీళ్ళని గాజుగుడ్డకి అద్దేసింది. నేను ఆ నీళ్ళలోనే వైరస్ అంతా ఉంటుందనుకుంటున్నాను.

"నీళ్ళు చూసి మురిసిపోకు. మనక్కావాల్సిన కణాలు పొక్కు అడుగున ఉంటాయి. అడుగు గీకాలి, రక్తం రాకూడదు. చెక్కుకట్టిన పుండు మీద గీకి లాభం లేదు, పొక్కు లేతగా ఉన్నప్పుడే పని" అంది. గీకినదాన్ని స్లైడు మీద పల్చగా రాసి, పాత క్యాలెండరు అట్టతో విసిరి ఆరబెట్టింది. నేను సాయం చేద్దామని మూతి సున్నా చుట్టాను. "నోటితో ఊదావంటే వీపు చిట్లుతుంది" అంది. టీచరు నొప్పి మరిచిపోయి నవ్వింది.

అప్పటికింకా పాత మైక్రోస్కోపే. కింద చిన్న అద్దం ఉండేది, దాన్ని తిప్పి ఎండని పట్టుకోవాలి. అందుకే అత్త బల్ల కిటికీ కిందే. మబ్బు పట్టిన రోజు ల్యాబులో అందరికీ తిట్లే. ఆ రోజు ఎండ బాగుంది. రంగు పట్టించాక అత్త నన్ను కూర్చోబెట్టి, వెనక నిలబడి, చక్రం తిప్పింది. మామూలు కణాలు చిన్నవి, ఒక్కోదాంట్లో ఒక్కటే కేంద్రకం. వాటి మధ్యలో ఒక పెద్ద కణం, దాని లోపల ఆరేడు కేంద్రకాలు. ఒకే దుప్పటి కింద ఇరుక్కుని పడుకున్న పిల్లల్లా, ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఉన్నాయి. "అదే" అంది అత్త. ఎన్నో వేలసార్లు చూసి ఉంటుంది, అయినా గొంతులో ఆ పొంగు తగ్గలేదు. ఇప్పటి మా ల్యాబులో ఎండతో పని లేదు. ఆ కిటికీకి బ్లైండ్స్ వేసేశారు. అటు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ ఎండ గుర్తొస్తుంది.

రిపోర్టు రాసేటప్పుడు అత్తకో అలవాటుండేది. అడుగున తన చేత్తో ఒక వాక్యం రాసేది. "చూసింది ఇంతే. ఇంతకు మించి ఈ పరీక్ష చెప్పదు." కంప్యూటర్లు వచ్చాక కూడా, రిపోర్టు ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని ఆ వాక్యం రాశాకే సంతకం పెట్టేది. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఒకాయన విసుక్కున్నాడు.

"ఏంటమ్మా ఇది, రిపోర్టా, క్షమాపణ ఉత్తరమా?"

"రెండూ అనుకోండి సార్" అంది అత్త. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అత్త నవ్వలేదన్న సంగతి చాలా రోజుల తర్వాత తట్టింది.

ఇంకో విచిత్రం ఆవిడ తెల్లకోట్లు. ఆస్పత్రి ఏడాదికి రెండు కోట్లు ఇస్తుంది. అత్త అవి ముట్టేది కాదు. ఆస్పత్రి వెనక వీధిలో టైలరమ్మ అని ఒకావిడ ఉంది. ఏడాదికోసారి అక్కడికెళ్ళి కొత్త కోటు కుట్టించుకునేది. పాతది చిరగకపోయినా సరే. ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. టైలరమ్మ కొలతలు తీసుకుంది, పలకరింపు లేదు. "భుజం పద్నాలుగు. చెయ్యి ఇరవై ఒకటి. వారం." అంతే. అత్త ఇంకేదో మాట కోసం చూస్తున్నట్టు కాసేపు నిలబడి, బయటికొచ్చేసింది. ఊరంతటినీ వాగించగల మా అత్త ఆ ఒక్క గుమ్మంలో నోట్లో నాలుక లేనిదయిపోయింది. బీరువాలో ముప్ఫైకి పైగా కోట్లు ఉన్నాయి, ఊళ్ళోని డాక్టర్లందరికీ పంచినా మిగులుతాయి. ఎందుకిన్ని అంటే, "నీకెందుకే, నువ్వు ఉతుకుతున్నావా" అనేది.

అసలు కథ పీసీఆర్ యంత్రం వచ్చిన రోజున బయటపడింది. దాన్ని బల్లమీద పెట్టి, మా ల్యాబు మేడమ్ అందరికీ వివరించింది. ఇది కణాల రూపం చూడదు, వైరస్ లోపలి డీఎన్ఏని వెతికి పట్టుకుని కోట్లసార్లు నకళ్ళు తీస్తుంది. ఉంటే తెర మీద గీత పైకి లేస్తుంది, లేకపోతే పడుకునే ఉంటుంది. హెర్పిస్ సింప్లెక్స్‌కి ఒక రంగు గీత, చికెన్‌పాక్స్ వైరస్‌కి వేరే రంగు గీత. అత్త చెయ్యెత్తింది.

"రెండిటినీ ఖాయంగా విడదీస్తుందా మేడమ్?"

"విడదీస్తుంది."

కాసేపాగి మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి మేడమ్ నా వైపు చూసింది. ఆ మధ్యాహ్నం అత్త నన్ను వెనక మెట్ల మీదికి తీసుకెళ్ళి, కోటు జేబులోంచి ఒక పాత బిస్కట్ల డబ్బా తీసింది. మెత్తటి గుడ్డలో ఒకే ఒక్క స్లైడు. అంచున పెన్సిలుతో తేదీ. లెక్కేస్తే ముప్ఫై నాలుగేళ్ళు.

"ఇది టైలరమ్మది" అంది.

అప్పుడు అత్తకి ఇరవై నాలుగేళ్ళట. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. టైలరమ్మకీ అదే వయసు, కొత్తగా పెళ్ళైంది. ఇద్దరికీ విడదీయరాని స్నేహం. మధ్యాహ్నం ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్ళు. టైలరమ్మ భర్త సినిమాహాళ్ళలో ప్రొజెక్టర్లు బాగుచేసే మెకానిక్. నెలలో సగం రోజులు ఊళ్ళ మీద తిరుగుడే. ఊళ్ళో ఉన్న రోజుల్లో మాత్రం వీళ్ళిద్దరినీ ప్రొజెక్టరు గదిలో కూర్చోబెట్టి సినిమాలు చూపించేవాడు. రీలు తెగితే అతికిస్తూ, "చెల్లెమ్మా, ఈ ముక్కలో పాటుంది, మీకోసం మళ్ళీ వేస్తా" అనేవాడట. ఆ మాట చెబుతున్నప్పుడు అత్త మొహం ఇరవై నాలుగేళ్ళ పిల్ల మొహంలా అయిపోయింది.

ఒకరోజు టైలరమ్మ చీటీ పట్టుకుని ల్యాబుకొచ్చింది. నడుము కింద ఒక పక్కన అయిదారు పొక్కులు, ఒకటే మంట. అత్త లేత పొక్కు చూసి, అడుగు గీకి, రంగు వేసి చూసింది. పెద్ద కణం, లోపల కిక్కిరిసిన కేంద్రకాలు. ఉద్యోగంలో చేరాక తనంతట తాను పట్టుకున్న మొదటిదది. గాల్లో తేలిపోయింది. బహుకేంద్రక కణాలు కనిపించాయని రాసి ఊరుకోవాల్సింది, మిగతాది డాక్టరు పని. అత్త అది రాయలేదు. తను చదివిన పుస్తకంలో ఆ కణం బొమ్మ కింద ఏ పేరుందో ఆ పేరే రాసేసింది. హెర్పిస్ సింప్లెక్స్. కాగితం చేతికొచ్చేసరికి చీటీ రాసిన డాక్టరు వారం సెలవు మీద వెళ్ళిపోయాడు. టైలరమ్మ కాగితం చూసి అడిగింది.

"ఇదెలా వస్తుందే?"

నడుము కింద వస్తే ఎలా వస్తుందో కూడా పుస్తకంలో ఉంది. అత్త అదీ అప్పజెప్పింది. ఎక్కువగా మొగుడూపెళ్ళాల మధ్య, ఒకరి నుంచి ఒకరికి.

"నా నోట్లోంచి ఆ మాట వచ్చేసిందే" అంది అత్త, మెట్ల మీద. "దాని మొహం పాలిపోవడం చూశాను. భయపడుతోందనుకున్నాను. మందులున్నాయిలే అని ధైర్యం కూడా చెప్పాను, వెర్రిమొహాన్ని."

మెకానిక్ ఊరినుంచి వచ్చేసరికి ఆయన పనిముట్ల సంచీ, బట్టలు గుమ్మం బయట ఉన్నాయి. ఆయన ఒట్లు పెట్టాడు, బతిమాలాడు. టైలరమ్మ కాగితం చూపించింది. కాగితానికి నీ మీద పగ ఎందుకుంటుందని అడిగింది. ఆయన మూడు రోజులు మెట్ల మీద కూర్చుని, నాలుగో రోజు లేచి వెళ్ళిపోయాడు. ఎంతో దూరం కాదు, రెండు వీధుల అవతలకి. అక్కడో గది తీసుకుని రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. ఊళ్ళు తిరగడం పూర్తిగా మానేశాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆవిడా చేసుకోలేదు.

ఆర్నెల్లకి ల్యాబుకి ఒక ముసలాయన వచ్చాడు, ఛాతీకి ఒక పక్కన నడికట్టులా పొక్కులు. అత్త స్లైడు చూస్తే అచ్చం అదే కణం. సింప్లెక్స్ అని చెప్పబోతే పెద్ద డాక్టరు నవ్వాడట. "ఇది షింగిల్స్ అమ్మాయ్. చిన్నప్పుడొచ్చిన చికెన్‌పాక్స్ వైరస్ నరంలో దాక్కుని, ఎప్పుడో ఇలా ఒక పక్కన లేస్తుంది. నీ స్లైడులో రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలీదు." అత్తకి గుర్తొచ్చింది. టైలరమ్మ పొక్కులూ ఒక పక్కనే ఉన్నాయి. ఉన్నపళంగా కోటుతోనే ఆ వీధికి పరుగెత్తింది.

"అది వేరేది కూడా కావచ్చే. సింప్లెక్స్ అయినా అతను తప్పు చేశాడని కాదంట. ఎప్పుడో ఎక్కడో సోకి, ఏళ్ళ తరబడి దాక్కుంటుందంట" అంది ఆయాసపడుతూ.

టైలరమ్మ మిషను ఆపలేదు. "కావచ్చు అంటే కాకపోనూవచ్చు కదా. మొన్న ఖాయం అన్నావు, ఇవాళ కావచ్చు అంటున్నావు. ఖాయంగా చెప్పగలిగిన రోజున రా" అంది. అంతే, ఆ తర్వాత కొలతలు తప్ప ఇంకో మాట లేదు. అత్త అందుకే ఏటేటా కోటు కుట్టించుకోవడానికి వెళ్ళేది. స్లైడు కూడా అందుకే దాచింది. అయిదేళ్ళ పాత స్లైడ్లు పారేసే రోజున ప్రతిసారీ దాన్ని జేబులో వేసుకునేది. ఏం చేస్తుందో తనకే తెలీదు, ఎప్పటికైనా ఏదో ఒకటి కనిపెట్టకపోతారా అనుకునేదట.

రిటైర్మెంటు ఇంకా పదిహేను రోజులే ఉంది. మేడమ్‌కి విషయం చెప్పాం. ఆవిడ స్లైడు కన్నా అత్త మొహమే ఎక్కువసేపు చూసింది. "ఆ పేషెంటుకి అభ్యంతరం లేదా?" అంది.

"ఖాయంగా తెలిస్తే రమ్మంది మేడమ్. ముప్ఫై నాలుగేళ్ళ కిందట" అంది అత్త.

"ఇంత పాతదాంట్లో ఏమీ మిగలకపోవచ్చు. చేసి చూడండి. సగమే వాడండి."

స్లైడు మీద అతికించిన పల్చటి గాజు ఊడిరావడానికి జైలీన్ అనే ద్రావకంలో మూడు రోజులు నానబెట్టాలి. ఆ మూడు రోజులూ అత్త గంటకోసారి వచ్చి జాడీలోకి తొంగి చూసేది. అత్తా, అదేం ఊరగాయా మాటిమాటికీ మూత తియ్యడానికి అన్నాను. మామూలుగా అయితే పదింతలు అప్పజెప్పేది, ఆ రోజు మాత్రం మళ్ళీ మూత తీసింది. గాజు ఊడింది. సగం మేర కణాలని కొత్త బ్లేడుతో గీకి, చిన్న గొట్టంలో, కణాలని కరిగించి డీఎన్ఏని బయటికి తెచ్చే ఎంజైములో నానేశాను. మధ్యాహ్నానికి యంత్రంలో పెట్టాను. రెండు గంటలు చూశాం. ఏ గీతా లేవలేదు.

అత్త సింకు దగ్గరికెళ్ళి, శుభ్రంగా ఉన్న స్లైడ్లని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నాకు అంత నిస్సహాయంగా ఎప్పుడూ అనిపించలేదు. ఉన్నది ఇంకో సగం, అదీ పోతే ఇక ఏ యంత్రమొచ్చినా ఉపయోగం లేదు.

"ఉంచేద్దామా అత్తా? ఇంకా మంచి యంత్రాలొస్తాయేమో" అన్నాను.

"అవొచ్చేదాకా మేం ముగ్గురం ఉండొద్దూ" అంది. ఆ తర్వాత నీళ్ళు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ, "ఎంతసేపు నానబెట్టావు ఎంజైములో?" అని అడిగింది.

"యంత్రంతో వచ్చిన చీటీలో ఉన్నట్టే, గంట."

"ముప్ఫై నాలుగేళ్ళు ఎండిపోయినదానికి గంట ఏం సరిపోతుందే? రెండు రోజులు ఉంచు."

కొత్త యంత్రం గురించి అక్షరం తెలియని మనిషి చెప్పిన మాట అది. రెండు రోజులు ఉంచాను. మళ్ళీ పెట్టాను. అత్త తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. నకళ్ళు తీసే చక్రాలు ఇరవై అయ్యాయి, ముప్ఫై అయ్యాయి, గీతలు పడుకునే ఉన్నాయి. ముప్ఫై మూడో చక్రంలో ఆకుపచ్చ గీత తల ఎత్తింది. మెల్లగా వంగుతూ పైపైకి వెళ్ళింది. ఎర్రగీత నేల మీదే ఉండిపోయింది.

"ఏది ఆకుపచ్చ?" అంది అత్త. తెలుసు ఆవిడకి, అయినా అడిగింది.

"చికెన్‌పాక్స్ వైరస్ అత్తా. సింప్లెక్స్ కాదు. టైలరమ్మకి వచ్చింది షింగిల్స్."

సంతోషిస్తుందనుకున్నాను. అత్త రెండు చేతులతో మొహం కప్పుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. మేడమ్ ఆ రోజే రిపోర్టు సంతకం చేసి ఇచ్చింది. అడుగున అత్త తన వాక్యం రాయలేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "మొదటి రిపోర్టు తప్పు. రాసింది నేను" అని రాసి, సంతకం పెట్టింది.

టైలరమ్మ కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. అలవాటుగా టేపు తీసింది.

"కోటు కాదు. ఖాయంగా తెలిసింది" అంది అత్త.

టైలరమ్మ టేపు మెడలో వేసుకుంది. కాగితం అందుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, రెండుసార్లు చదివింది. మిషను మీద కవరు కప్పి, కొట్టు తలుపు దగ్గరకి వేసి, "ఇది చూపించాల్సింది నాకు కాదు. నడు, నువ్వు కూడా రా" అంది అత్తతో.

రెండు వీధులు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ ఆ కొట్టు మెట్టు ఎక్కలేదట. లోపల బల్ల మీద విప్పిన రేడియో ముందు ఆయన, కంటికి భూతద్దం పెట్టుకుని. జుట్టు పూర్తిగా తెల్లబడింది. తలెత్తి ముగ్గురినీ చూసి, భూతద్దం తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. టైలరమ్మ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. ఆయన ఒక్కో అక్షరం మీద వంగి చదివాడు. అత్త రాసిన వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగాడు. వెనక ఏమైనా ఉందేమోనని తిప్పి చూశాడు.

"ఇందులో కొత్తేముంది చెల్లెమ్మా?" అన్నాడు అత్తతో. గొంతులో కోపం లేదు. "నాకు తెలిసిందే కదా."

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలీదు" అంది టైలరమ్మ. "నాకు తెలీలేదండీ."

"నీకు చెప్పాను కదా."

"చెప్పారు" అంది ఆవిడ.

ఆయన స్టూలు మీదున్న రేడియో డొక్కు తీసి కింద పెట్టాడు. పాత గుడ్డతో స్టూలు తుడిచి ఆవిడ వైపు జరిపాడు.